సమాధుల పక్కన సొంతిల్లు

"గీ బొందలగడ్డల ఏం జూస్తరు సార్? సూరత్ వచ్చినోళ్లు చీరెలు కొనుక్కపోతరు" అన్నాడు ఆటో డ్రైవర్. సిరిసిల్ల నుంచి తాతల కాలంలో వచ్చి లింబాయత్‌లో స్థిరపడిన పద్మశాలి కుటుంబం అతనిది. మగ్గం వదిలేసి హ్యాండిల్ పట్టాడు. పిల్లలు చదివేది మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడిలో. కతార్‌గామ్ దర్వాజా దగ్గర నన్ను దింపి, నేను నిజంగానే శ్మశానంలోకి వెళ్తున్నానని రూఢి చేసుకున్నాక డబ్బులు తీసుకుని, వెనక్కి ఓసారి చూసి వెళ్లిపోయాడు.

అతని ఆశ్చర్యం సబబే. సూరత్‌కు సమాధులు చూడడానికి వచ్చేవాళ్లు తక్కువ. కానీ చూసినవాళ్లు మర్చిపోరు. గేటు దాటితే ఎదురుగా కనబడేది సమాధి అంటే నమ్మబుద్ధి కాదు. రెండంతస్తులు, స్తంభాలు, పైన గుమ్మటం. ఇంగ్లీషు ఫ్యాక్టరీ అధ్యక్షుడు సర్ జార్జ్ ఆక్సెండెన్ 1669లో ఇక్కడే చనిపోయాడు. 1664లో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టినప్పుడు ఫ్యాక్టరీ తలుపులు మూసుకుని కాపాడుకున్నది ఈయనే. పదేళ్ల ముందే పోయిన తమ్ముడు క్రిస్టఫర్ పక్కనే ఈయన్నూ ఉంచారు. కొద్ది దూరంలో డచ్చివాళ్ల శ్మశానం. అక్కడ ఇంకా పెద్ద కట్టడం హెండ్రిక్ వాన్ రీడ్‌ది. మలబారు మొక్కల మీద 12 సంపుటాల గ్రంథం రాయించిన ఈ డచ్చి దొర 1691లో కొచ్చిన్ నుంచి సూరత్ వస్తూ ఓడలోనే కన్నుమూశాడు. బతికుండగా మిరియాల కోసం, నీలిమందు కోసం పోటీపడిన రెండు కంపెనీలు చచ్చాక గుమ్మటాల ఎత్తులోనూ పోటీపడ్డాయని స్థానికులు చమత్కరిస్తారు.

ఆ మాటకొస్తే ఈ కథలో మనకూ వాటా ఉంది. ఇంగ్లీషువాళ్లు సూరత్‌లో ఫ్యాక్టరీ తెరిచింది 1613లో. మన మచిలీపట్నంలో 1611లోనే దుకాణం పెట్టేశారు. డచ్చివాళ్ల సమాధులు బందరులోనూ ఉన్నాయి, భీమునిపట్నంలోనూ ఉన్నాయి. తేడా అల్లా చుట్టూ ఉన్న ఊరే. సూరత్ ఊరు పెరిగి, పెరిగి, ఈ గోడల మీదికి వచ్చేసింది. ఆక్సెండెన్ గుమ్మటం పక్కన నిలబడితే చుట్టూ బట్టలు ఆరేసిన డాబాలు, నీళ్ల ట్యాంకులు, కేబుల్ వైర్లు కనబడతాయి. ఏ వంటింట్లోనో పోపు పెడితే ఆ వాసన సమాధి దాకా వస్తుంది.

నేను వచ్చింది ఆ పోపు పెట్టే ఇళ్ల కోసం.

సమాధుల గోడకు కూతవేటు దూరంలో ఓ పాత ఇల్లుంది. పేరు చెప్పవద్దన్న షరతు మీద ఇంటాయన లోపలికి తీసుకెళ్లారు. జరీ వ్యాపారంలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. తల్లికి ఎనభై దాటాయి. మోకాళ్లు అరిగిపోయాయి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డి పై అంతస్తులో, వెనక డాబా మీద ఉంది. దానికి చేరాలంటే నిచ్చెనలా నిలువుగా ఉన్న చెక్క మెట్లు ఎక్కాలి. పదమూడు మెట్లు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. పైనుంచి వేలాడే మోకు ఉంది. ఆమె ఆ మోకు పట్టుకుని రోజుకు నాలుగైదుసార్లు ఎక్కి దిగుతున్నారు. వెనక పెరట్లో ఆరడుగుల జాగా ఉంది. అక్కడ ఓ చిన్న బాత్రూమ్ కట్టాలన్నది కొడుకు కోరిక. ఇటుకలు కూడా దింపించారు. రెండేళ్లుగా వాటి మీద తులసి కుండీలు ఉన్నాయి.

ఎందుకంటే, ఆ ఇల్లు వంద మీటర్ల లోపల ఉంది.

ఈ వంద మీటర్ల సంగతి ఢిల్లీలో తేలింది. పురాతన స్మారక కట్టడాల చట్టం 1958 నాటిది. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధ ప్రాంతమని, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతమని 1992 జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. దానికి 2010లో పార్లమెంటు చట్ట సవరణతో కోరలు తొడిగింది. నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడం కూడదు. ఉన్న ఇంటికి పక్కకు గానీ, పైకి గానీ చేర్పు కూడదు. పాత ఇల్లు కూలిపోతే అదే కొలతలతో తిరిగి కట్టుకోవడానికీ అక్కడ వీల్లేదు. ఆ వెసులుబాటు నియంత్రిత ప్రాంతం వాళ్లకే. నిషిద్ధ ప్రాంతంలో 1992కు ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు, నవీకరణ మాత్రం చేసుకోవచ్చు, అదీ ముందు అనుమతి తీసుకుని. దరఖాస్తు అందిన 15 రోజుల్లో సంబంధిత అధికారి దాన్ని ఢిల్లీలోని జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ రెండు నెలల్లో తన మాట చెప్పాలి. ఆ తర్వాత నెలలో జవాబు రావాలి. కాగితం మీద లెక్క ఇది. కాదని కట్టేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

చట్టంలో ఓ తమాషా ఉంది. 'నిర్మాణం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం నుంచి మురుగు కాల్వల్ని, ప్రజల కోసం కట్టే మరుగుదొడ్లను మినహాయించారు. అంటే సర్కారు తల్చుకుంటే ఈ ఇంటి ముందే ఓ సులభ్ కాంప్లెక్స్ కట్టొచ్చు. ఈ ఇంటి పెరట్లో ఈయన తల్లి కోసం మాత్రం నాలుగు గోడలు లేపకూడదు. ఈ మాట నేను చెబితే ఆయన నవ్వలేదు. "తెలుసు, లాయరు చెప్పాడు" అన్నారు.

ఇంకో సంగతి. తాజ్‌మహల్‌కూ వంద మీటర్లే, ఈ సమాధులకూ వంద మీటర్లే. దేశంలో జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలు 3,600కు పైగా ఉన్నాయి. వాటన్నిటికీ ఒకటే కొలబద్ద. జాబితాలో అంత ప్రాముఖ్యం లేనివి చాలానే చేరాయని, వాటిలో తెల్లవాళ్ల సమాధులూ ఉన్నాయని 2023 జనవరిలో ప్రధాని ఆర్థిక సలహా మండలి నివేదిక ఎత్తిచూపింది. 2024 మార్చిలో పురావస్తు శాఖ 18 కట్టడాల్ని జాబితా నుంచి తీసేయడానికి పూనుకుంది కూడా. సూరత్ సమాధులు అందులో లేవు. ఉండాలని నేనూ అనను. వాన్ రీడ్ గుమ్మటం కింద నిలబడిన ఎవరూ అనలేరు. ఆ చట్టమే లేకపోతే ఈ పాటికి ఇక్కడ చీరల గోదాములు లేచేవి. సూరత్ భూముల ధరలు తెలిసినవాళ్లెవరికైనా ఇది తెలుసు. చిక్కల్లా, గోదామునూ బాత్రూమునూ చట్టం ఒకే కంటితో చూడడం.

వంద మీటర్ల కథ సమాధుల పొరుగువాళ్లది. అసలు ఇల్లే వారసత్వ సంపద అయితే? అది చూడాలంటే పాత నగరంలోకి, గోపీపురాలోకి వెళ్లాలి.

16వ శతాబ్ది ఆరంభంలో సూరత్‌కు ఓ రూపు తెచ్చిన వర్తకుడు మాలిక్ గోపీ పేరు మీద ఉన్న పేట ఇది. ఆయన తవ్వించిన గోపీ తలావ్‌ను ఇటీవలి కాలంలో కార్పొరేషన్ బాగుచేసి పార్కుగా మార్చింది. ఇక్కడి సందుల్ని శేరీ అంటారు. శేరీలోని ఇళ్లు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ముందు ఎత్తయిన అరుగు, వీళ్ల భాషలో ఓట్లో. సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ దాని మీదే. లోపల పర్సాళ్ అనే చావడి, దాని వెనక ఆకాశం కనబడే చౌక్. మన గోదావరి జిల్లాల మండువా లోగిలిని సన్నగా సాగదీసి రెండు గోడల మధ్య ఇరికిస్తే ఇలాగే ఉంటుంది. తాగునీటి కుండలకు పాణియారు అని ప్రత్యేకంగా ఓ మూల. కొన్ని ఇళ్లలో, ముఖ్యంగా పార్సీల ఇళ్లలో, నేల కింద టాంకా. వాన నీళ్లు పట్టి ఏడాది పొడవునా తాగే తొట్టి అది. ఇప్పుడు వాటిలో చాలావాటికి మూతలు పడిపోయాయి. కొన్నింట్లో మునిసిపల్ నీళ్లు నింపుకుంటున్నారు.

ఇంటికి ఎముకలు టేకువి. గోడ బరువు మోసేది ఇటుక కాదు, కర్ర చట్రం. చట్రం మధ్య ఖాళీల్లో ఇటుకలు పేర్చి సున్నం పూశారు. వీధివైపు దూలాల కొసల మీద చిలకలు, తీగలు, ఏనుగు తొండాలు. చూడడానికి బాగుంటాయి. ఉండేవాళ్ల అవస్థ వేరు. చెద పడుతుంది, వాన కారుతుంది, పక్కింటి గోడే మన గోడ కాబట్టి వాళ్లు కదిలిస్తే మనది కదులుతుంది. అప్పుడు పిలిచే మేస్త్రీకి తెలిసింది సిమెంటు ఒక్కటే. సిమెంటు పూస్తే గోడ ఊపిరి ఆగిపోతుంది. లోపలి చెమ్మ బయటికి పోలేక టేకు దూలంలోకి దిగుతుంది. పదేళ్లకు దూలం బెరడులా చేతికి ఊడి వస్తుంది. ఇక్కడ కావలసింది గానుగ సున్నం. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి సున్నం నూరడం మన పెద్దవాళ్లకు తెలిసిన విద్యే. ఇప్పుడు ఆ పని తెలిసినవాడు దొరకడమే గగనం. దొరికితే కూలీ సిమెంటు పనికి రెట్టింపు.

గోపీపురాలో నేను చూసిన ఓ ఇంట్లో యజమాని కింది అంతస్తు సున్నంతో బాగుచేయించి, డబ్బు చాలక పై అంతస్తు వదిలేశారు. "పైన వర్షాకాలం, కింద మ్యూజియం" అని ఆయన భార్య నాతో అన్నారు. వారసత్వ కట్టడాల కోసం కార్పొరేషన్‌లో ఓ హెరిటేజ్ సెల్ ఉంది. జాబితాకెక్కిన ఇంటి ముఖభాగం మార్చాలంటే అనుమతి కావాలి. రంగు మార్చినా, కిటికీ పెంచినా అడగాలి. కూలిపోతున్నా చూస్తూ ఊరుకుంటే మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు.

పాత సూరత్‌లో కొన్ని పేటల్లో ఇల్లు అమ్మడమూ తేలిక కాదు. మత ఘర్షణలు జరిగిన ప్రాంతాల్లో కలెక్టర్ అనుమతి లేకుండా స్థిరాస్తి చేతులు మారకూడదన్న 1991 నాటి గుజరాత్ చట్టం సూరత్‌లోని కొన్ని ప్రాంతాలకూ వర్తిస్తుంది. దానికి తోడు 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం. తాత కాలం నాటి అద్దె ఇచ్చే కిరాయిదారు ఖాళీ చెయ్యడు, ఆ అద్దెతో యజమాని మరమ్మతు చెయ్యడు. బాగుచేయలేరు, అమ్మలేరు, పడగొట్టలేరు. మిగిలింది తాళం వెయ్యడమే. అప్పుడు రాత్రికి రాత్రి చెక్కడాల తలుపులు, స్తంభాలు పాత సామాన్ల వ్యాపారి బండెక్కుతాయి. గుజరాత్ పాత ఇళ్ల నుంచి ఊడదీసిన తలుపులు ఎక్కడెక్కడి హోటళ్లలోనో టేబుళ్లుగా కనబడుతుంటాయి. ఇల్లు పోతుంది, తలుపు బతుకుతుంది.

మహీధర్‌పురాలో దృశ్యం వేరు. అక్కడ ఇళ్లకు తాళాలు లేవు, ఇనుప షట్టర్లున్నాయి. వజ్రాల బజారు ఇది. కాగితం పొట్లాల్లో రాళ్లు పెట్టుకుని రోడ్డు మీదే బేరాలాడతారు. ఓట్లోలు పగలగొట్టి షట్టర్లు దించారు. చౌక్‌ల మీద స్లాబులు వేసి లోపల లాకర్లు పెట్టారు. నగరం చివర ఖజోద్‌లో 2023 డిసెంబరులో బ్రహ్మాండమైన డైమండ్ బోర్స్ ప్రారంభమైనా మహీధర్‌పురా సందడి సందడే. వారసత్వ ప్రేమికులు ఈ వీధిని చూసి ముక్కున వేలేసుకుంటారు. నాకు మాత్రం ఇక్కడి ఇళ్లే బతికినట్టు కనిపించాయి. గాయాలతోనైనా సరే.

అసలు సూరత్‌లో 'పాత' అన్న మాటకే అర్థం వేరు. 1837 ఏప్రిల్‌లో ఇక్కడ అంటుకున్న మంట తొమ్మిది వేలకు పైగా ఇళ్లను బూడిద చేసింది. అదే ఏడు తాపీ నది పొంగింది. మొఘలుల నాటి సంపన్న రేవుపట్నం ఇళ్లు చాలావరకు అప్పుడే పోయాయి. ఇప్పుడు మనం అపురూపంగా చూస్తున్న టేకు ఇళ్లలో ఎక్కువ భాగం ఆ బూడిద మీద మళ్లీ కట్టుకున్నవే. ఆ తర్వాతా నగరం ఊరుకోలేదు. 1994లో ప్లేగు భయంతో జనం లక్షల్లో పారిపోయారు. ఆ మరుసటేడు కమిషనర్‌గా వచ్చిన మన తెలుగువాడు ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించడంతో ఆగలేదు, ఆక్రమణలు కూల్చి రోడ్లు వెడల్పు చేయించారు. సూరత్ దేశంలోకెల్లా శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది అప్పటినుంచే. రోడ్డు వెడల్పయినప్పుడు ముందుగా పోయేది అరుగే. ప్లేగు చూసినవాడెవడూ దాని గురించి ఫిర్యాదు చెయ్యడు. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లతో నగరంలో అత్యధిక భాగం మునిగింది. మంట, నీరు, రోగం, రోడ్డు. నాలుగూ దాటి నిలబడిన ఇంటికి ఐదోది యజమాని మేస్త్రీ.

మార్పు మంచికే జరిగిన ఇళ్లూ ఉన్నాయి. ఆమ్లీరాన్‌లో కవి నర్మద్ ఇల్లు చూశాను. మనకు కందుకూరి ఎలాగో గుజరాతీలకు నర్మద్ అలా. 1833లో పుట్టి, వితంతు వివాహాల కోసం పోరాడి, తానూ వితంతువును పెళ్లాడి, గుజరాతీకి మొదటి ఏకభాషా నిఘంటువు కూర్చి, అప్పులు మిగుల్చుకుని 1886లో పోయాడు. తన ఇంటికి ఆయన పెట్టుకున్న పేరు 'సరస్వతీ మందిర్'. కార్పొరేషన్ దాన్ని బాగుచేయించి స్మారక గృహంగా నిలిపింది. రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇల్లు గుర్తొచ్చింది. కాకపోతే కవిగారి ఇంటికి సర్కారు డబ్బు వస్తుంది. పక్కింటి గుమస్తా ఇంటికి రాదు.

ఇక అనుమతులిచ్చే ఆఫీసే ఓ పెద్ద పాఠం. షాజహాన్ కాలంలో, 1644లో, హజ్ యాత్రికులూ బాటసారులూ దిగడానికి కట్టిన మొఘల్ సరాయిలోనే సూరత్ మునిసిపాలిటీ 1867 నుంచి కొలువు తీరింది. మక్కా వెళ్లే ఓడ కోసం ఎదురుచూస్తూ యాత్రికులు పడుకున్న గదుల్లో ఇప్పుడు ఫైళ్లు పడుకుంటాయి. కమానుల మధ్య అద్దాలు, విద్యుత్ తీగలు. తప్పుపట్టడానికి కాదు ఈ మాట. వాడుతున్నారు కాబట్టే అది నిలిచింది. సరాయికి చేసుకున్నన్ని మార్పులు ఓ సామాన్యుడు తన ఇంటికి చేసుకుంటానంటే మాత్రం ఎన్ని సంతకాలు కావాలో ఆ సరాయిలోనే చెబుతారు.

మధ్యాహ్నం తాపీ దాటి రాందేర్ వెళ్లాను. సూరత్ కన్నా పాత రేవు ఇది. 1530లో పోర్చుగీసువాళ్లు తగలబెట్టారు. ఇక్కడి ముస్లిం వర్తకులు తర్వాతి కాలంలో బర్మా వెళ్లి రంగూన్‌లో వ్యాపారాలు చేశారు. మనవాళ్లు కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి కూలికి పోయిన 'రంగం' అదే. ఒకే రేవులో మనవాడు మూట మోస్తే రాందేర్ వర్తకుడు మూట లెక్కపెట్టి ఉంటాడు. ఆ డబ్బుతో ఇక్కడ కట్టిన ఇళ్లకు బర్మా టేకు, రంగుటద్దాల కిటికీలు. రంజాన్ రాత్రుల్లో రంగూనీ పరాఠాలు తినడానికి సూరత్ అంతా ఇక్కడికే వస్తుంది. ఇళ్లలో మాత్రం సగానికి తాళాలే కనబడ్డాయి. వారసులు ఇంగ్లండులో, దక్షిణాఫ్రికాలో. ఒక ఇంటికి పాతికమంది వాటాదారులుంటే కారే పైకప్పుకు పెంకు మార్చడానికి ఎవరు సంతకం పెట్టాలి? 2006 వరద నీరు నిలిచిన గుర్తు ఓ గోడ మీద నా భుజం ఎత్తున ఇంకా ఉంది. ఎవరూ సున్నం వెయ్యలేదు.

పక్క ఊరు అహ్మదాబాద్ ఓ దారి వెదికింది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమయ్యాక, పాత ఇంటి యజమాని పైకి కట్టుకోలేకపోయిన జాగా హక్కును వేరేచోట కట్టేవాళ్లకు అమ్ముకుని, ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకునే పద్ధతి ఊపందుకుంది. మన హైదరాబాద్ అటు దారి పట్టింది. పాత భవనాలకు ఇరవై ఏళ్లపాటు గొడుగు పట్టిన పదమూడో నిబంధనను 2015లో తొలగించారు. 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. 2019లో ఎర్రమంజిల్‌ను పడగొట్టి శాసనసభ కట్టాలని ప్రభుత్వమే అనుకుంటే హైకోర్టు ఆపాల్సి వచ్చింది. పెద్ద భవనానికి హైకోర్టు ఉంది. పెరటి బాత్రూముకు ఏముంది?

సాయంత్రం మళ్లీ కతార్‌గామ్ దర్వాజా వెళ్లాను. జరీ గుమస్తాగారు ఈ మధ్య ఓ దారి కనిపెట్టారు. పెరట్లో కడితే చేర్పు అవుతుంది. ఉన్న గోడల మధ్యనే మారిస్తే నవీకరణ కిందికి వస్తుంది, అడగడానికి వీలుంటుంది. వంటింటి పక్కన సామాన్ల గది ఉంది, ఐదడుగులకు నాలుగు. దాన్నే బాత్రూమ్ చేస్తామని దరఖాస్తు పెడుతున్నారు. ప్లాను గీయించారు. సమాధి గోడ నుంచి ఇంటి గుమ్మానికి దూరం కొలిపించి అందులో వేశారు. నీళ్లు పారితే టేకు దూలానికి చెమ్మ తగలకుండా కింద రాతి పలక వేయిస్తానని, సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ భరూచ్ వైపు ఒకడున్నాడని చెప్పారు. ఇబ్బంది ఒక్కటే. గది గుమ్మం వెడల్పు అడుగున్నర. తల్లి ఊతకర్రల బండితో లోపలికి పట్టదు. గుమ్మం పెంచాలంటే చెక్కడం ఉన్న ద్వారబంధం తియ్యాలి. అది మరమ్మతా, మార్పా అన్నది ప్లాను గీసిన కుర్రాడికీ తెలియదు. ఆ చోట పెన్సిలుతో ఓ ప్రశ్నార్థకం పెట్టాడు.

మేం మాట్లాడుతుండగానే పెద్దావిడ ఓట్లో మీంచి లేచారు. కొడుకు సాయం చెయ్యబోతే వద్దని చెయ్యి ఊపి, మోకు అందుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు.